ఇంకో వంద అడుగులు

బోరు బండి మా ఊరికి ఎప్పుడూ రాత్రిపూటే వచ్చేది. పగలంతా పక్క ఊళ్లో పని ముగించుకొని, అందరి అన్నాలూ అయ్యాక మా చేను గట్టున ఆగేది. తిరుచెంగోడు లారీలు, తమిళం తప్ప ఇంకోటి రాని పిల్లలు, చెవులు పగిలే కంప్రెసర్ మోత. దేవరకొండ, మర్రిగూడ దిక్కు పెరిగిన ఎవరిని అడిగినా ఆ మోతలోనే నిద్రపోయిన రాత్రులు రెండు మూడు చెప్తారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బత్తాయి తోట ఎండుతుంటే నాయిన మూడో బోరు వేయించాడు. మూడు వందల అడుగులు దాటినా పైకి తెల్ల దుమ్మే లేస్తోంది, తడి లేదు. బండి మీది మనిషి ఇంజన్ నెమ్మది చేసి నాయిన దిక్కు చూశాడు. "ఇంకో వంద పోదామా?"

రాత్రి రెండయింది. అప్పు తెచ్చిన పైసలు అమ్మ కొంగున ఉన్నాయి. గట్టు మీద ఇరవై మంది కూర్చున్నారు. జవాబు చెప్పడానికి ఉన్నది అర నిమిషం. "పోనియ్" అన్నాడు నాయిన. ఆ వందా పోయింది, ఇంకో అరవై కూడా పోయింది. దుమ్మే.

ఆ ఏడాది మా ఇంట్లో తీసుకున్న అతి పెద్ద నిర్ణయం ఆ "పోనియ్". అదే మనిషి ఎడ్ల జత కొనాలంటే మూడు వారాలు అంగళ్లు తిరిగేవాడు, పళ్లు పట్టి చూసేవాడు, నాగలి కట్టి నడిపించి చూసేవాడు. ఎడ్ల ధరకు ఎన్నో రెట్లు ఉన్న ఖర్చును అర నిమిషంలో తేల్చేశాడు. తెలివి తక్కువై కాదు. ఆ ప్రశ్న వచ్చిన వేళ అట్లాంటిది.

పెద్ద నిర్ణయాల గురించి మనకు ఎవరు సలహా చెప్పినా అది "చేయాలా, వద్దా" దగ్గరే తిరుగుతుంది. బోరు వేయాలా వద్దా, భూమి అమ్మాలా వద్దా, బొంబాయి పోవాలా వద్దా. నేను చూసినంతలో ఇళ్లు కూలింది ఆ ప్రశ్న దగ్గర కాదు. మొదలుపెట్టాక ఎక్కడ ఆగాలన్నది ముందే అనుకోకపోవడం దగ్గర కూలాయి. ఈ రెండో ప్రశ్న ఎందుకంత కష్టమో అర్థం కావాలంటే మా వైపు భూమి కింద ఏముందో కాస్త చెప్పాలి.

రాయి లెక్క

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో చాలా మటుకు కింద ఉన్నది గ్రానైట్ రాయి. పైన మన్ను, దాని కింద మెత్తబడిన రాయి, ఆ కింద గట్టి బండ. నీళ్లు ఉండేది మెత్తబడిన పొరలోనూ, బండకు ఉన్న పగుళ్లలోనూ. బండ స్వయంగా నీటిని పట్టుకోదు. కిందికి పోయే కొద్దీ పైబరువుకు పగుళ్లు మూసుకుపోతూ, అరుదైపోతూ వస్తాయి. మా దిక్కు రాళ్లలో పనికొచ్చే పగుళ్లు ఎక్కువ భాగం మొదటి మూడు వందల అడుగుల లోపే ఉంటాయి. ఆ కింద అసలే పడవని కాదు, పడే వీలు తగ్గుతూ పోతుంది.

ఖర్చు మాత్రం దీనికి ఉల్టా నడుస్తుంది. ఒక లోతు దాటాక అడుగుకు రేటు వందకోసారి పెరుగుతుంది. అంటే మనిషికి ఆశ ఎక్కువయ్యే చోటే అవకాశం తక్కువ, ధర ఎక్కువ. "ఇంకో వంద" అన్న మాటలో ఉన్న ఉచ్చు ఇదే. పైగా రాయితో ఎంతకాలం కలిసి ఉంటే నీళ్లలోకి పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ అంత ఎక్కువగా దిగుతుంది కనుక లోతు నీళ్లతో ఆ భయమూ ఉంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదు. చేను కాడ దప్పికైతే మోటరు నీళ్లే తాగే మనుషులం మేము. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ "నల్గొండ టెక్నిక్" అని పేరు పెట్టింది. ఒక జిల్లాకు ఇట్లాంటి పేరు రావడం గర్వపడే సంగతో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకో మాట. పక్క చేను బోరూ మన బోరూ ఒకే పగులు మీద ఉంటే కొత్తగా నీళ్లేమీ పుట్టవు. ఒకే కల్లు లొట్టి కింద ఇద్దరు రేకలు పట్టినట్టు, ఉన్నదే పంచుకుంటారు. "ఆయనకు రెండించుల నీళ్లు పడ్డయి, మనకు పడవా" అనుకునేటప్పుడు ఈ సంగతి మరిచిపోతాం.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను అనుకున్నవి, మీ ఊరి అంకెలు మీరు పెట్టుకోండి. తవ్వకానికి 80,000 రూపాయలు. నీళ్లు పడితే మోటరు, పైపులు, స్టార్టరు కలిపి ఇంకో 70,000. ఆ నీళ్లతో అదనంగా ఏటా 60,000 మిగులుతుంది, బోరు నాలుగేళ్లు పోస్తుంది అనుకుందాం. 2,40,000 వచ్చి, 70,000 పోయి, 1,70,000 చేతికి. ఇది నీళ్లు పడితే వచ్చేది. పదింట మూడు బోర్లు పడే చోట ఆ ఆశ విలువ అందులో పదింట మూడు వంతులు, అంటే 51,000. పెట్టేది 80,000. నష్టం. పదింట ఐదు పడే చోట 85,000. వడ్డీ లెక్కలోకి తేకపోతే గట్టెక్కుతుంది, అంతే.

కాబట్టి మొత్తం నిర్ణయం ఒకే ఒక అంకె మీద ఉంది: మూడా, ఐదా? ఆ అంకె కోసం పట్నం పోనక్కర్లేదు. చుట్టూ ఉన్న పది చేన్లు ఒక సాయంత్రం తిరిగితే దొరుకుతుంది. ఎన్ని వేశారు, ఎన్ని పడ్డాయి, ఎంత లోతులో పడ్డాయి, మూడేళ్ల తర్వాత ఎన్ని నడుస్తున్నాయి. చివరి ప్రశ్న ముఖ్యం. పడ్డ రోజు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టిన బోర్లు అందరికీ గుర్తుంటాయి. ఎండిన బోర్ల మీద రాయి పెట్టి మూసేస్తారు, వాటి గురించి ఎవరూ మాట్లాడరు.

ఐదే అని తేలినా ఒక మెలిక ఉంది. పదింట ఐదు అన్నది పది బోర్లు వేసేవాడి లెక్క. ఒక్కటే వేయగలిగినవాడికి సగం నీళ్లు రావు, పడితే పడ్డట్టు, లేకపోతే లేనట్టు. ఆ ఒక్కటి పోతే భూమి తాకట్టులో మిగిలిపోయేవాడు సగటు చూసి పందెం కాయకూడదు. పోయినా సంసారం నిలబడుతుందా అన్నదే అతని మొదటి ప్రశ్న.

పోయిన చోట వెతకడం

మన దగ్గర ఒక సామెత ఉంది: పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి. ఉంగరం పోతే నిజమే. బోరు విషయంలో ఈ సామెత ఎన్ని కుటుంబాలను ముంచిందో లెక్కలేదు. మూడు పోయినయి గదా, నాలుగోది పడకపోతదా అంటారు. పోయిన మూడూ కింది రాయికి తెలియవు. నిజానికి అదే చేన్లో మూడు పోయాయంటే నాలుగోదాని మీద నమ్మకం తగ్గాలి, పెరగకూడదు.

మరి మనిషి మనసు ఎందుకు ఎదురు నడుస్తుంది? డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లో దీని మీద ఒక సిద్ధాంతం రాశారు. ఆ పనికి కానమన్‌కు 2002లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది, ట్వెర్‌స్కీ అప్పటికే చనిపోయాడు. వాళ్లు చెప్పినదాంట్లో మనకు కావలసింది ఇది. లాభంలో ఉన్న మనిషి జాగ్రత్తగా ఉంటాడు, చేతికొచ్చింది చాలంటాడు. నష్టంలో పడ్డ మనిషి అదే మనిషి కాదు. పోయింది పోయిందని ఒప్పుకోవడం కంటే, పోయినదంతా ఒక్క దెబ్బకు తిరిగొస్తుందేమో అన్న పందేన్నే ఎంచుకుంటాడు, ఆ పందెం ఎంత చెడ్డదైనా సరే. తొలి బోరు దగ్గర పిసినారిగా ఉన్న రైతు నాలుగో బోరు దగ్గర జూదగాడయ్యేది ఇందుకే. అది గుణం కాదు, అతను నిలబడ్డ చోటు.

బత్తాయి తోట ఉన్నవాడికి మాత్రం ఈ మాట అట్లనే చెప్పలేం. నాలుగైదేళ్లు నీళ్లు పోస్తే గాని కాపుకు రాని చెట్లు అవి. ఇప్పటిదాకా పెట్టింది పోయినట్టే, నిజమే. ఇక ముందు అది ఇచ్చే కాపు మాత్రం పోయింది కాదు. ఏడేళ్ల తోటను ఒక ఎండాకాలం ట్యాంకర్లతో బతికించుకోవడంలో అర్థం ఉంది. పద్దెనిమిదేళ్లు దాటి, వేరు కుళ్లు పట్టిన తోటకు అదే ఖర్చు పెట్టేవాడు చెట్టును కాదు, తన గతాన్ని తడుపుతున్నాడు. ఇప్పటిదాకా ఎంత పెట్టినమన్నది పక్కనపెట్టి, ఇవాళ ఈ తోటను ఎవరైనా అమ్మకానికి పెడితే నేను కొంటనా అని అడిగి చూడండి. జవాబు తొందరగానే వస్తుంది.

అడిగే వేళ

2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. అది మనలాంటి వాళ్ల మీద చేసింది. తమిళనాడులో చెరకు రైతులకు కోతకు ముందు, చేతిలో పైసలు లేనప్పుడు, ఆలోచించే శక్తిని కొలిచే కొన్ని పరీక్షలు పెట్టారు. కోత అయ్యి పైసలు వచ్చాక అదే రైతులకు మళ్లీ పెట్టారు. కోతకు ముందు వాళ్లు స్పష్టంగా వెనకబడ్డారు. మనిషి అదే, తెలివి అదే. అప్పు, కొరత బుర్రలో చోటంతా ఆక్రమించుకుంటే ఆలోచనకు మిగిలేది కొంచెమే.

మరి మనం పెద్ద నిర్ణయాలు ఎప్పుడు తీసుకుంటాం? మార్చి, ఏప్రిల్ నెలల్లో, పొట్ట మీదున్న వరి వాడుతున్నప్పుడు, షావుకారు మనిషి ఇంటి ముందు కూర్చున్నప్పుడు. బోరు విషయంలో చిక్కేమిటంటే తవ్వకానికి ఎండాకాలమే సరైన కాలం. అప్పుడు పడ్డ నీళ్లే నమ్మదగ్గ నీళ్లు, వానలయ్యాక పడ్డ రెండించులు వేసవికి అరించు కావచ్చు. అందుకే నా మాట ఇది: తవ్వడం ఎండల్లో, తేల్చుకోవడం దసరాకు. పంట ఇంటికి వచ్చి, మనసు కాస్త కుదుటపడ్డ నెలలో కూర్చుని ఎన్ని అడుగులు, ఎన్ని పైసలు, ఆ తర్వాత ఏమిటి అని రాసుకోవాలి.

రాసుకోవడం అంటే గుర్తొచ్చింది. 1772లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఒక పెద్ద నిర్ణయం మీద సలహా అడిగితే అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉత్తరం రాశాడు. కాగితానికి నడుమ గీత గీసి, ఒక వైపు అనుకూలం, ఇంకో వైపు ప్రతికూలం రాస్తానని. లోకమంతా ఆ గీతనే పట్టుకుంది. అసలు కీలకం అందులో ఇంకో ముక్క: మూడు నాలుగు రోజులపాటు తోచినప్పుడల్లా రాస్తూ పోవడం. ఒక్క పూట మనసు ఒక్క పక్కే చూస్తుంది. సోమవారం భయం, బుధవారం ఆశ, శుక్రవారం అసలు సంగతి.

నిదానమే ప్రధానం అంటాం, ఆలస్యం అమృతం విషం అని కూడా అంటాం. రెండూ నిజమే, చోట్లు వేరు. వెనక్కి తీసుకోగల పనిలో ఆలస్యం దండగ. ఈ యాసంగికి వరి బదులు పల్లి వేసి చూడాలంటే వేసేయండి, నచ్చకపోతే వచ్చే ఏడు మార్చుకోవచ్చు. వెనక్కి రాని పనికే నిదానం. భూమి అమ్మకం అట్లాంటిది. వెనకట అమ్మకం అయ్యాక కూడా రిజిస్ట్రేషన్ ఆఫీసు, తర్వాత పేరు మార్పిడి, తిరుగుడు, నెలలు పట్టేది. లంచాలూ ఉండేవి, దాన్ని పొగడటం లేదు. 2020లో భూముల రికార్డులకు ధరణి అనే సర్కారు వెబ్‌సైట్ వచ్చాక స్లాట్ బుక్ చేసుకుంటే తహసీల్దార్ దగ్గర రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూటలో అయిపోవడం మొదలైంది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పని సులువైంది, మంచిదే. కానీ ఆ పాత ఆలస్యంలో కొందరికి మనసు మార్చుకునే వ్యవధి దొరికేది. ఆఫీసు ఇప్పుడు ఇవ్వని ఆ వ్యవధిని ఇంట్లోనే పెట్టుకోవాలి. బయానా తీసుకునే ముందు పదిహేను రోజులు, అంతకంటే ఒక్క రోజు తక్కువైనా లేదు అని.

పాలమూరు వలసలోనూ ఇదే తేడా ఉంది. బొంబాయి, పుణె పోయి నాలుగు నెలలు పని చేసి రావడం వెనక్కి రాగల నిర్ణయం. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని పోవడం వేరు. అడ్వాన్సు ఖర్చయిన రోజే మన రాక మన చేతిలో లేకుండా పోతుంది. మక్తల్, కోస్గి దిక్కు పెద్దమనుషులను అడగండి, పోవుడు కష్టం కాదు బిడ్డా, తిరిగి వచ్చుడే అంటారు.

చెప్పేవాళ్లు, అడగనివాళ్లు

బోరు దగ్గర సలహా ఇచ్చేవాళ్లలో ఎక్కువమందికి అడుగుల మీదే బతుకు. ఏజెంటుకు కమీషన్, బండికి అడుగుకింత. వాళ్లు మోసగాళ్లని అనను, కానీ "చాలు, ఆపుదాం" అంటే వాళ్లకు వచ్చేదేమీ లేదు. కొబ్బరికాయ పట్టి నీళ్లు చూసే ఆయన సంగతి వేరు. ఆయన అమ్మేది నీళ్లు కాదు, ధైర్యం. మిషన్ పెట్టి చూసే జియాలజిస్టు నయం, ఎక్కడ వేయకూడదో కాస్త చెప్పగలడు, కానీ గట్టి బండలో ఆయనకూ గ్యారంటీ లేదు. ఎవరైనా సరే, పోయిన ఏడాది మీరు చూపిన చోట్లు ఈ దగ్గర్లో ఏవేవి అని అడిగి, పోయి చూసి రావాలి.

ఇక అసలు అడగాల్సిన మనిషి ఇంట్లోనే ఉంటుంది. మహిళా సంఘం అప్పు ఆమె పేరు మీదే, తాకట్టు పోయే పుస్తెలతాడు ఆమెదే, ఏ నెలలో ఎవరికి ఎంత కట్టాలో వేళ్ల మీద చెప్పేదీ ఆమే. మూడో బోరు రాత్రి అమ్మను ఎవరూ అడగలేదు. తర్వాత ఎన్నో ఏళ్లకు నేను అడిగితే, "నేనైతే మూడు వందల కాడ్నే ఆపుతుంటి, నన్నెవరు అడిగిన్రు" అంది.

గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 2007లో ఒక చిన్న ఉపాయం రాశాడు. పని మొదలుపెట్టే ముందే, అది పూర్తిగా చెడిపోయిందని అనుకొని, ఎందుకు చెడిందో తలా ఒక కారణం చెప్పాలి. మంచి ఉపాయం, కానీ మన ఇళ్లలో నడవదు. పెళ్లి మాటలప్పుడో, బండి వచ్చే ముందో ఆ మాట ఎత్తితే "థూ, అపశకునం మాటలు మాట్లాడకు" అని నోరు మూయిస్తారు. దానికి మా చిన్నమ్మ దగ్గర ఒక తోవ ఉంది. మన సంగతి కాదు, ఇట్లనే చేసిన ఫలానా వాళ్లకు ఎందుకు ఎదురు తిరిగిందో చెప్పమంటుంది. పక్కింటి కథ చెప్పడానికి ఎవరికీ అపశకునం అడ్డం రాదు. అరగంటలో మన ఇంట్లో జరగబోయే ఐదు ప్రమాదాలూ బయటికి వస్తాయి.

బోరు లేని ఇళ్లలోనూ ఈ "ఇంకో వంద" ఉంది. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో సర్కారు కొలువుల పరీక్షలకు చదివే మా జిల్లాల పిల్లలు ఎంతమందో. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశారు, ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు, హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. ఇందులో పిల్లల తప్పు లేదు. కానీ ఎవరి తప్పయినా ఏళ్లు వాళ్లవే. నా దగ్గరికి వచ్చి అడిగినవాళ్లకు మానేయమని ఎప్పుడూ చెప్పలేదు. ఎన్ని ప్రయత్నాలో, ఏ వయసు దాకానో, ఆ లోపు చేతిలో ఇంకో పని ఏం ఉంటుందో ఒక కాగితం మీద రాసి అక్కకో తమ్ముడికో ఇయ్యమన్నాను. ఫలితం వచ్చిన రాత్రి ఆ ప్రశ్న వేసుకుంటే ప్రతి ఒక్కరూ "ఇంకొక్కసారి" అనే అంటారు.

నాయిన నాలుగో బోరు కూడా వేయించాడు. ఈసారి నెల ముందే మోటరు గది గోడ మీద బొగ్గుతో 300 అని రాశాడు. రాయించింది అమ్మ. బండి వచ్చిన రాత్రి మూడు వందల దగ్గర దుమ్మే లేస్తుంటే అదే ప్రశ్న వచ్చింది. నాయిన గోడ దిక్కు చూసి చెయ్యి ఊపాడు. ఇంజన్ ఆగింది. అంత నిశ్శబ్దం మా చేన్లో నేనెప్పుడూ వినలేదు.

మరుసటి ఏడు గట్టు అవతల చేనాయన బోరు వేస్తే 320 అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. ఇంకో ఇరవై పోతే మనకూ పడేవని ఊరంతా అన్నది. పడేవేమో. ఆ రాత్రి ఆ సంగతి ఎవరికీ తెలియదు, తెలిసినవాటితో చేసిన పనిని తర్వాత తెలిసినదాంతో తూచడం న్యాయం కాదని ఇప్పుడు నేను వాదిస్తాను. నాయిన వాదించలేదు. మిగిలిన పైసలతో పైపులు కొన్నాడు. గట్టు అవతలాయనతో మాట్లాడుకొని, పంటలో నాలుగో వంతుకు నీళ్లు తెచ్చుకున్నాడు. తోట సగం కొట్టేసి ఎకరంన్నర కాపాడాడు. ఆ మోటరు ఇప్పటికీ నడుస్తోంది. నాలుగో వంతు మీద మాత్రం ఏటా ఇద్దరికీ ఒకసారి మాటా మాటా వస్తుంది.